పెరటి కోళ్లకీ ఒక టీకా రోజు పెట్టించండి

గౌరవనీయులైన ఎడిటర్ గారికి నమస్కారం.

మా మామయ్య గారి కాలం నుంచీ మా ఇంటికి మీ పేపరే వచ్చిద్ది, వ్యవసాయం పేజీ ఉన్న రోజు మాత్రం ముందు నా చేతికే రావాలి. ఆ పేజీలో ఈమధ్య ఎక్కువగా రెండు రకాలే కనపడుతున్నాయండి. ఒకటి వెయ్యి కోళ్ల షెడ్డు, యాభై మేకల ఫారం, బ్యాంకు లోను, ఏడాదికి ఇన్ని లక్షలు అనే కథనాలు. రెండోది సిటీలో మిద్దె మీద కుండీల్లో టమాటాలు కాయించే వాళ్ల ఫోటోలు. రెండూ మంచివే, కాదనను. కానీ ఈ రెండింటికీ మధ్యన మాలాంటి వాళ్లం చాలామందిమి ఉన్నాం, ఇంటి వెనక ఏడెనిమిది గుంటల జాగా, పదో పదిహేనో నాటు కోళ్లు, రెండు మూడు మేకలు, ఒక మునగచెట్టు, ఒక చిక్కుడు పందిరి, ఎండాకాలం పెట్టుకునే పచ్చళ్లు, ఒరుగులు, వడియాలు. దీన్ని ఎవరూ వ్యాపారం అనరు, ఏ లెక్కలోనూ రాయరు, కానీ ఇంట్లో కూర ఖర్చు చాలావరకు దీని మీదే గడిచిపోద్ది, అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో ఒక మేకపోతు అమ్మితే అప్పుకి పోవాల్సిన పని ఉండదు. ఇట్లాంటి ఇళ్ల కోసం కూడా రాయండి అని అడగడానికే ఈ ఉత్తరం.

దాంతో పాటు పశుసంవర్ధక శాఖ వాళ్లకి ఒక విన్నపం ఉంది, అది ముందే చెప్పేస్తా. పెరటి కోళ్లకి కొక్కెర రోగం రాకుండా టీకా వేయడానికి ప్రతి ఊరికీ ఏడాదిలో కొన్ని రోజులు ముందే ఖాయం చెయ్యండి, ఫలానా తేదీ ఫలానా ఊరు అని పేపర్లో వేయించండి, మేకలకీ గొర్రెలకీ ఎట్లా చేస్తున్నారో అట్లాగే. అంతే. ఎందుకు ఇంత గట్టిగా అడుగుతున్నానో కాస్త వివరంగా రాస్తా, పెద్దదైతే మీకు వీలైనంత వరకు వేసుకోండి.

కొక్కెర అంటే పల్లెటూళ్లో కోళ్లు పెంచే ఎవరికైనా గుండె జారిద్ది. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అని రాస్తారు, పేరేదైనా చూసేవాళ్లకి ఒకటే, పొద్దున ఒక కోడి రెక్కలు వేలాడేసుకుని మూలన కూచుంటది, నోరు తెరుచుకుని గాలి పీలుస్తా ఉంటది, ఆకుపచ్చగా తెల్లగా పారుకుంటది, ఇంకో రెండ్రోజులకి మెడ వంకర తిరిగిపోద్ది, వారం తిరిగేసరికి ఆ బజారులో ఉన్న కోళ్లన్నీ ఖాళీ. మా వైపు మాఘమాసం దాటి ఎండ ముదిరేటప్పుడు ఇది ఎక్కువగా మొదలయిద్ది. ఒక ఊళ్లో మొదలైందని తెలియగానే జనం ఏం చేస్తారంటే ఉన్న కోళ్లని కాళ్లు కట్టేసి సంతకి పట్టుకుపోయి సగం రేటుకి అమ్మేస్తారు, కొన్నవాళ్లు ఇంటికి తీసుకుపోయి తమ కోళ్లలో కలుపుతారు, అట్లా సంత నుంచి సంతకి, ఊరి నుంచి ఊరికి రోగం మన చేతుల మీదుగానే పోద్ది. అమ్మేవాళ్లని తిట్టి లాభం లేదు, పది కోళ్లు తప్ప వేరే ఆస్తి లేని ముసలావిడ రేపటికి అవి చచ్చిపోతాయని తెలిసి ఇవాళ నాలుగు డబ్బులు రాకుండా ఎందుకు ఊరుకుంటది.

దీనికి వచ్చాక మందు లేదు, రాకముందు టీకా ఉంది, అదీ కొత్తదేం కాదు, ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. కోడిపిల్లకి అయిదో రోజు నుంచి ఏడో రోజు లోపు లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, ఎనిమిది వారాల వయసులో ఆర్‌టూబీ అనే టీకా రెక్క కింద సూదితో, ఆ తర్వాత మళ్లీ డాక్టరు చెప్పిన గడువుకి ఇంకోసారి. షెడ్లలో పెంచేవాళ్లు ఎవరూ ఇది మానరు. మరి పెరట్లో పెంచేవాళ్లు ఎందుకు వేయించుకోరంటే అజ్ఞానం అని చాలామంది చదువుకున్నవాళ్లు తేల్చేస్తారు, అది నిజం కాదండి. మందుల షాపులో చూడండి, ఆ సీసా ఎక్కువగా వంద డోసులకి తక్కువ దొరకదు, కొన్ని అయిదొందలు, వెయ్యి డోసులు ఉంటాయి. కొన్న దగ్గర నుంచి ఐసులోనే ఉంచాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనం తప్పకూడదు, ఒకసారి నీళ్లు కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. నాకున్నవి పన్నెండు కోళ్లు. మా పక్కింట్లో ఆరు. ఎదురింట్లో తొమ్మిది. టౌనుకి బస్సులో పోయి ఐసు ఫ్లాస్కులో సీసా తెచ్చి వంద కోళ్లు ఒక్కచోట పోగేసి గంటలో అయిపోగొట్టడం ఒక ఇంటి ఆడమనిషి వల్ల అయ్యే పనేనా? ఊరంతా కలిస్తే అయిద్ది, ఊరిని కలపాలంటే ఒక తేదీ కావాలి, ఆ తేదీ మాకు మేం పెట్టుకుంటే నలుగురు వస్తారు, డాక్టర్ గారు వస్తున్నారని దండోరా వేస్తే నలభై మంది వస్తారు.

ఇంకో సంగతి కూడా దయచేసి గమనించండి. నాటు కోడిని పట్టుకోవడం కుదిరేది దాని మీద మూసిన గంప ఎత్తకముందే. తెల్లారి గంప తీశామంటే అవి దిబ్బల మీద, గడ్డివాముల్లో, చేలల్లో ఉంటాయి, పొద్దు గూకితే గానీ ఇంటికి రావు. పది గంటలకి ఆసుపత్రికి తీసుకురండి అంటే ఎవరూ తీసుకురాలేరు. తెల్లవారుజామున ఆరు లోపు గానీ, చీకటి పడ్డాక అన్నీ గూట్లోకి చేరాక గానీ టీకా పెట్టుకుంటే ఊరు మొత్తం ఒక్క పూటలో అయిపోద్ది. ఇది ఖర్చుతో కూడిన పని కాదు, టైము మార్చుకునే పని. ఇప్పుడు 1962 కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు బండి ఊళ్లోకి వస్తోంది, ఎంత మంచి ఏర్పాటో చెప్పలేను, గేదె ఈనలేక అవస్థ పడుతున్నప్పుడు ఆ విలువ తెలిసిద్ది. అట్లాంటి బండిలోనే ఐసు పెట్టెలో నాలుగు సీసాలు పెట్టుకుని నెలకి ఇన్ని ఊళ్లు అని తిరిగితే సరిపోద్ది కదా.

మేకల విషయంలో ఇదే పని చక్కగా జరుగుతోంది, అందుకే ఈ ఆశ. మా ఊళ్లోకి నట్టల మందు తాగించే వాళ్లు వస్తారు, పీపీఆర్ అని పారుడు రోగానికి టీకా వేస్తారు. ఈ పీపీఆర్‌ని 2030 కల్లా ప్రపంచంలోనే లేకుండా చెయ్యాలని అన్ని దేశాలూ కలిసి లక్ష్యం పెట్టుకున్నాయి, దాంట్లో మన మేకలూ లెక్కలోకి వచ్చాయి. కోళ్లు మాత్రం ఎందుకో ఇట్లాంటి టీకాల లెక్కలోకి రావడం లేదు. 2019 లో జరిగిన 20వ పశుగణనలో దేశం మొత్తం మీద పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లని తేలింది, అంతకు ముందు 2012 లెక్క కన్నా సుమారు 46 శాతం ఎక్కువ. అంటే జనం మానేయడం లేదు, పెంచుతున్నారు. వాటిలో చాలావరకు ఆడవాళ్ల చేతి కిందవే, గుడ్డు అమ్మిన డబ్బు ఆడవాళ్ల చేతిలోనే ఉంటది, అందుకే దీని గురించి అడిగేవాళ్లు తక్కువేమో అని నాకు అనిపిస్తది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ ఉంది, పెరట్లో పెంచుకోవడానికే వనరాజా, గ్రామప్రియ అని జాతులు తయారుచేసింది అక్కడే. మన నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే గొప్ప, గ్రామప్రియ అంతకు రెండు మూడింతలు పెడతది. నేను రెండూ పెంచుతాను. వనరాజా, గ్రామప్రియ పెట్టలు సరిగ్గా పొదగవు, వాటి గుడ్లు నాటు పెట్ట కింద పెట్టి పిల్లలు తీయించాలి, కాబట్టి నాటు కోడిని తీసేయకూడదు. నాటు కోడికి గద్ద నీడ పడితేనే తెలిసిపోద్ది, పిల్లల్ని రెక్కల కిందకి లాక్కుంటది, ఆ తెలివి వేరే జాతుల్లో అంతగా నేను చూడలేదు. ఇంత మంచి జాతులు ఇచ్చి, పిల్లలు పంచి, కొక్కెర టీకా దగ్గర మాత్రం ఊరిని వదిలేస్తే ఆ కష్టమంతా ఒక్క ఎండాకాలంలో పోద్ది.

ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా లాంటి చోట్ల ఫ్రిజ్జులు లేని పల్లెల కోసం వేడికి కాస్త తట్టుకునే ఐటూ అనే టీకా రకం వాడుతున్నారు, దాన్ని తయారుచేసింది ఆస్ట్రేలియాలో. కంట్లో ఒక చుక్క, మూడు నాలుగు నెలలకోసారి, ఊళ్లో వాళ్లకే ట్రైనింగ్ ఇచ్చి వాళ్ల చేతే వేయిస్తారు, ఊరంతా ఒకేసారి వేసుకునేలా తేదీలు ముందే చెబుతారు. మనకి డ్వాక్రా సంఘాలు ఉన్నాయి, పశుసఖులు అని ట్రైనింగ్ అయిన ఆడవాళ్లు ఉన్నారు, ఆఫ్రికా పల్లెల్లో అయిన పని మన దగ్గర కాకపోవడానికి కారణం నాకు కనపడటం లేదు.

బర్డ్ ఫ్లూ అప్పటి సంగతి కూడా చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో పక్కనున్న ఆంధ్రలో తణుకు మండలం వేల్పూరులో, తూర్పు గోదావరి జిల్లా కానూరులో బర్డ్ ఫ్లూ తేలింది, మాది సరిహద్దు జిల్లా కాబట్టి చెక్‌పోస్టులు పెట్టారు, పేపర్లు, టీవీలు చికెన్ రేటు ఎంత పడింది, గుడ్డు తినొచ్చా తినకూడదా అనే దాని గురించే రోజూ చెప్పాయి. అది అవసరమే, బాగా ఉడికిస్తే భయం లేదని చెప్పడం మంచిదే. కానీ పెరట్లో పది కోళ్లు ఉన్నవాళ్లు ఏం చెయ్యాలో చెప్పినవాళ్లు తక్కువ. రోగం తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపల ఉన్న కోళ్లని, షెడ్డువైనా పెరటివైనా, తీసేస్తారని, దానికి పరిహారం ఉంటదని, పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంటదని, చచ్చిన కోడిని కాలవలో పారేయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చాలని, చెరువు దగ్గర అడవి బాతులు, కొంగలు వాలే చోటుకి కోళ్లని పోనీయకూడదని, ఇవన్నీ జనానికి తెలిస్తే దాచిపెట్టరు, చెబుతారు. తెలియకపోతే భయపడి దాస్తారు. కొక్కెర, బర్డ్ ఫ్లూ పైకి ఒకేలా కనపడతాయి కూడా, కాబట్టి ఊళ్లో కోళ్లకి కొక్కెర టీకా పడి ఉంటే, ఆ తర్వాత కూడా ఒక్కసారిగా కోళ్లు చస్తే డాక్టర్లకి వెంటనే అనుమానం వచ్చిద్ది. ఇదొక్కటి చాలదా టీకా రోజు పెట్టడానికి?

ఇక మీ పేపర్‌ని అడిగేది. ఈ పెరటి బతుకంతా కార్తెల మీద నడిచిద్ది, ఏ పనైనా ఒక పదిహేను రోజులు ముందు చేస్తే ఫలితం, తర్వాత చేస్తే నష్టం. పేపర్లో మాత్రం కొక్కెర వచ్చాక కొక్కెర గురించి, మేకలు చచ్చాక చిటుక రోగం గురించి, మామిడికాయ అయిపోయే టైముకి ఆవకాయ గురించి వస్తోంది. అందుకే కార్తె మారేటప్పుడల్లా ఒక చిన్న బాక్సు, పెరట్లో ఈ పక్షం ఏం చెయ్యాలి అని వేయండి. ఎట్లాంటివి వేయొచ్చో నాకు తెలిసినవి కొన్ని రాస్తున్నా, మా ఖమ్మం వైపు పద్ధతి, ఏజెన్సీ వాళ్లకి, రాయలసీమ వాళ్లకి తేడా ఉండొచ్చు.

జూన్ 8 కి అటూ ఇటుగా మృగశిర కార్తె వస్తది. అందరికీ ఆ రోజు చేపలు గుర్తుంటాయి, మేకలు ఉన్నవాళ్లకి గుర్తుండాల్సింది చిటుక రోగం. తొలకరి పడ్డాక లేత గడ్డి మొలుస్తది, ఎండాకాలం అంతా మాడిపోయిన మేక దాన్ని ఆబగా తినేస్తది, రాత్రి బాగానే ఉన్న పిల్ల తెల్లారేసరికి కొయ్యలా పడి ఉంటది. టీకా రోహిణి కార్తెలోనే, అంటే వానలు మొదలవకముందే పడాలి, వేసిన వెంటనే పనిచెయ్యదు, ఒంట్లో బలం రావడానికి రెండు వారాలైనా పట్టిద్ది. తొలకరి రోజుల్లో ఇంట్లో కాస్త ఎండుగడ్డో కంది పొట్టో పెట్టి ఆ తర్వాతే బయటికి వదలాలి, ఖాళీ కడుపుతో లేత గడ్డి మీదకి తోలకూడదు. నట్టల మందు కూడా వానలకి ముందు ఒకసారి, వానలు వెనకపడ్డాక ఒకసారి. దొడ్డి నేల తడిస్తే మేకపిల్లలకి రొంప పడతది, అటక లాగా కర్రలతో మంచె కట్టి దాని మీద పడుకోబెడితే పెంటికలు కిందకి రాలతాయి, పిల్లలూ పొడిగా ఉంటాయి, ఎరువూ ఒక్కచోట దొరుకుద్ది.

ఆ ఎరువు సంగతి చెప్పకపోతే పెరడు గురించి చెప్పినట్టే కాదు. మేక పెంటికలు కాస్త మాగబెట్టి పాదుల్లో వేయొచ్చు, కోడి పెంట మాత్రం పచ్చిగా వేస్తే మొక్క మాడిపోద్ది, ఎండుటాకులతో కలిపి గుంటలో కప్పెట్టి రెండు మూడు నెలలు ఆగాలి. కూరగాయల తొక్కలు కోడికి, కోడి పెంట గుంటకి, గుంటలో ఎరువు పందిరి పాదుకి, పందిరి ముదురు ఆకులు మేకకి, ఇట్లా ఇంట్లోనే తిరుగుతా ఉంటది, బయట నుంచి కొనేది తవుడు, ఉప్పు, టీకా అంతే. ఒక్క జాగ్రత్త ఉంది, పచ్చడి జాడీ కడిగిన నీళ్లు, ఉప్పు చేప ముక్కలు కోళ్ల దగ్గర పోయొద్దు, ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే.

ఆషాఢం, శ్రావణంలో విత్తనం. మా ఇంట్లో బీర విత్తనం ఎండిన కాయలోనే ఉంచి దూలానికి వేలాడదీస్తాం, చిక్కుడు గింజలు బూడిదలో కలిపి పెడతాం. చిక్కుడు గురించి నన్ను చాలామంది అడుగుతుంటారు, ఎండాకాలంలో పెట్టాం, తీగ ఇంటి మీదకి ఎక్కింది, ఒక్క పూతా రాలేదు అని. నాటు చిక్కుడు పగలు పొట్టిగా అయ్యే కాలంలోనే పూస్తది, ఎప్పుడు పెట్టినా చలికాలం వచ్చేదాకా తీగే, అందుకే శ్రావణంలో పెడితే చాలు, సంక్రాంతికి కాయ అందుకుంటది, రథసప్తమికి చిక్కుడుకాయల రథం చేసుకునే నాటికి కాయ నిండుగా ఉంటది. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, పిందె నిలవక పసుపుపచ్చగా రాలిపోతుంటే తేనెటీగలు, రెక్కల పురుగులు తక్కువైనట్టు, అప్పుడు పొద్దు గూకే వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద మెల్లగా రుద్దితే పిందె నిలబడిద్ది. మందు కొట్టాల్సి వస్తే వేపగింజ కషాయమే, అయిదు కిలోల గింజల పొడి వంద లీటర్ల నీళ్లకి అని లెక్క, పెరటికి అంత అక్కర్లేదు, లీటరుకి యాభై గ్రాములు చొప్పున రాత్రి నానబెట్టి వడగట్టి కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే పేనుబంక అదుపులో ఉంటది.

కోతుల గురించి కూడా రాయండి దయచేసి. మా ఊళ్లో పెరడు మానేసిన ఇళ్లలో ఎక్కువమంది కోతుల వల్లే మానేశారు. 2020 లో నిర్మల్ దగ్గర కోతుల పునరావాస కేంద్రం పెట్టారు, అది ఒక్కటి రాష్ట్రం మొత్తానికి ఏం సరిపోద్ది. మేం చూసినంతలో కాకర, మిర్చి, గోంగూర, కంద, పసుపు జోలికి కోతులు తక్కువగా వస్తాయి, జామ, బొప్పాయి, మొక్కజొన్న ఉంటే మాత్రం వదలవు. మేకలు లోపలికి రాకుండా వావిలి కంచె బాగా పనిచేస్తది, దాన్ని అవి ముట్టవు. కోతులకి అట్లాంటి కంచె ఏదీ లేదు, ఇది ఒక ఇల్లు చేసుకునే పని కాదు, పంచాయతీలు పట్టించుకోవాల్సిన పని.

దసరా దాటి చలి మొదలైన దగ్గర నుంచి సంక్రాంతి దాకా కోడిపిల్లలు తీయించడానికి మంచి కాలం. ఎండల్లో గుడ్డు పాడవుద్ది, వానల్లో పిల్లలకి రక్తపారుడు. పెట్ట కింద పది పన్నెండు గుడ్లకి మించి పెట్టకూడదు, వారం దాటిన గుడ్లు పెట్టకూడదు, ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే లోపల ఎర్రటి నరాలు సాలెగూడులా కనపడతాయి, కనపడని గుడ్డు తీసేయాలి. 21 రోజులకి పిల్లలు. ఈ పిల్లలకి అయిదో రోజు దాటగానే ఆ లసోటా చుక్క పడాలి, మాఘం వచ్చేసరికి పెద్ద టీకా, అంటే ఆ ఆర్‌టూబీ, పడాలి, అంటే టీకా రోజులు మార్గశిరంలో ఒకటి, పుష్యం చివర్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలి. నేను తేదీల గురించి ఇంత పట్టుబట్టేది ఇందుకే, ఫాల్గుణంలో వేస్తే సగం ఊరి కోళ్లు అప్పటికే ఉండవు.

నిల్వ పనులు కూడా ఇదే వరసలో వస్తాయి. కార్తీకం నుంచి ఉసిరికాయ, పుష్యంలో గింజ ముదరని పచ్చి చింతకాయ, ఉప్పు పసుపు వేసి దంచి జాడీలో పెడితే ఏడాది ఉంటది, కావాల్సినప్పుడు కాస్త తీసి పచ్చిమిర్చితో నూరుకోవడమే. ఆ తర్వాత పండుమిర్చి, బూడిద గుమ్మడికాయ వడియాలు, ఫాల్గుణంలో చింతపండు గింజ తీసి ఉప్పు చల్లి కుండకి ఎత్తడం. మాది మిర్చి పండించే జిల్లా కాబట్టి ఒక్క మాట, మిరపకాయ ఉత్త నేల మీద ఎండబెట్టకండి, పట్టా మీద పోయండి, రాత్రి మంచు పడకుండా కప్పండి. తడి తగిలిన కాయకి లోపల బూజు పట్టిద్ది, ఆ బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు, కాయ చీల్చి చూసి లోపల బూజు కనపడితే అది ఎరువు గుంటకే, కోళ్లకి కూడా వేయకూడదు. పచ్చళ్లకి రంగు కావాలంటే మన వరంగల్ చపాటా మిర్చి ఉంది, కారం తక్కువ, ఎర్రదనం ఎక్కువ, 2025 లో దానికి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, రంగు పొడులు కలిపిన కారం కొనే బదులు ఒక కిలో ఇది తెచ్చి మన కారంలో కలిపి పట్టించుకోండి.

ఎండాకాలం అంటే ఇక చెప్పేదేముంది. ఆవకాయ కొలతలు ఇంటికో రకం, మాది నాలుగు గిన్నెల ముక్కలకి ఒక గిన్నె కారం, ఒక గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె దంచిన గళ్లుప్పు, నువ్వుల నూనె. కొలత ఎవరిదైనా పచ్చడిని నిలబెట్టేవి మాత్రం అవే, ఉప్పు, పులుపు, గాలి తగలకుండా పైన నూనె, తడి లేకపోవడం. కాయ కడిగి తుడిచి ఆరాకే కొట్టాలి, కొట్టాక కడగకూడదు. మూడో రోజు తిరగ కలిపినప్పుడు ముక్కల పైన నూనె తేలాలి, తేలకపోతే ఇంకాస్త పోయాలి, నూనె రేటు చూసి అక్కడ తగ్గిస్తే శ్రావణానికి బూజు. అల్యూమినియం గిన్నెల్లో పెట్టొద్దు, పులుపు దాన్ని తినేస్తది, పల్చటి ప్లాస్టిక్ డబ్బాల్లోనూ వద్దు, జాడీ లేకపోతే గాజు సీసా.

ఆవకాయ గురించి ఎవరైనా రాస్తారు, ఒరుగుల గురించే రాసేవాళ్లు కరువయ్యారు. మామిడి, వంకాయ, దోస, కాకర, ఇవి పల్చగా కోసి ఉప్పు పట్టించి రెండు మూడు గట్టి ఎండలకి, వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండబెట్టాలి. గోరుచిక్కుడు అయితే ఒక్క ఉడుకు రానిచ్చి ఎండబెడతాం. ఇవి ఎందుకంటే ఆషాఢంలో పెరట్లో ఇంకా మొలకలే ఉంటాయి, సంతలో కూరగాయ ముట్టుకోలేం, ఆ నెలన్నర ఇంట్లో పప్పులోకి మామిడి ఒరుగు, పులుసులోకి వంకాయ ఒరుగు ఉంటే ఎవరికీ లోటు తెలీదు. పండగకి మేక కోసినప్పుడు మిగిలిన మాంసం కూడా మా వైపు ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఎండబెట్టి దాస్తారు, కూర రుచే వేరు. ఫ్రిజ్జు వచ్చాక ఇవన్నీ ఎందుకనుకునే పిల్లలకి వానాకాలంలో కరెంటు ఎన్ని గంటలు పోద్దో తెలియంది కాదు. మబ్బు విడిచిన రోజు డబ్బాలు తీసి మళ్లీ ఒక ఎండ చూపించడం మాత్రం మర్చిపోకూడదు.

అదే ఎండల్లో కోళ్లకి నీళ్లు మట్టి మూకుళ్లలో నీడన పెట్టి మధ్యాహ్నం మార్చాలి, గూటి మీద తడి గోనె పట్టాలు వేయాలి, బూడిద గుంట ఒకటి ఉంటే అవే పొర్లి పేలు దులుపుకుంటాయి. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ అంటాం, ఆ ఎండకి నోరు తెరిచి రొప్పే కోడిని పట్టుకుని టీకా వేయడం కూడా సరికాదు, అందుకని కూడా చలికాలంలోనే అయిపోవాలి ఆ పని.

ఇప్పుడు నేను అడిగేవి మళ్లీ రాస్తున్నా, వీలుంటే ఇవే బోల్డులో వేయండి. జిల్లా అధికారులు ఈ మార్గశిరం లోపు ప్రతి మండలానికీ పెరటి కోళ్ల టీకా తేదీలు, ఊళ్ల వారీగా, తెల్లవారుజాము టైముతో ప్రకటించాలి. ఊరికి ఇద్దరు ఆడవాళ్లకి కంటి చుక్క వేయడం, సీసా ఐసులో ఉంచడం నేర్పించాలి, కోడికి రూపాయో రెండు రూపాయలో వాళ్లకి ఇవ్వడానికి మేం సిద్ధమే, ఊరికే వేయమని అడగటం లేదు. మీరు కార్తె బాక్సు మొదలుపెట్టండి, రాయడానికి మనుషులు కావాలంటే రాజేంద్రనగర్ శాస్త్రవేత్తల్ని అడగండి, పశువుల డాక్టర్లని అడగండి, ప్రతి ఊళ్లోనూ ఒరుగులు పెట్టే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, వాళ్లనీ అడగండి. టీకా తేదీలు ఖాయమైన రోజు ఆ లిస్టు జిల్లా పేజీలో ఒక్కసారి వేయండి, కటింగ్ తీసి మా ఊళ్లో పాల కేంద్రం గోడకి, రేషన్ షాపు గోడకి నేను అంటిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఖమ్మం జిల్లా